గాజువాకలో కరెంటు తీయించింది నేనే

మొన్న ఆదివారం మధ్యాహ్నం, ఇండియా పాకిస్తాన్ మేచ్ మంచి రసపట్టులో ఉండగా గాజువాకలో కరెంటు పోయింది, గుర్తుందా? సింధియా నుంచి కూర్మన్నపాలెం దాకా ఒక్క టీవీ వెలగలేదు. జనం కరెంటాఫీసు వాళ్ళని ఏడు తరాలు వెనక్కెళ్ళి మరీ తిట్టారు. పాపం, వాళ్ళ తప్పేం లేదు. ఆ కరెంటు తీయించింది నేనే!

ముందు ఆ టీ కప్పులు కింద పెట్టండి, పొలమారుతుంది. మొత్తం చెప్తాను. కానీ ఇది ఈ గది దాటకూడదు. మా వీధి చివర రెండిళ్ళ వాళ్ళకి ఇంకా తెలీదు.

నేను కొత్తగా చేరింది పెద్ద పెద్ద సామాన్లు మోసే ట్రైలర్ల కంపెనీ అని చెప్పాను కదా. సామాన్లంటే బీరువాలూ మంచాలూ కాదే బాబూ. పోర్టులో ఓడ దిగిన బాయిలర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు. ఒక్కోటి మా ఇంటికంటే పెద్దది. వాటిని మోసే ట్రైలర్‌కి చక్రాలు లెక్కపెట్టడం మొదలెడితే మధ్యలో ఎక్కడో తప్పిపోయి మళ్ళీ మొదటికి రావాలి. ఇంటర్వ్యూలో మేనేజరు అప్పలరాజు గారు నా బీకాం మార్కులు చూడలేదు, టైపింగ్ హయ్యర్ చూడలేదు. ఒక్కటే అడిగారు.

"ఎండలో తిరగ్గలవేటమ్మా?"

"ఆఫీసు ఉద్యోగం కదా సార్?"

"ఆఫీసు ఉద్యోగమే. మన ఆఫీసు రోడ్డు మీదుంటాది."

ఆయనేదో జోకేశారనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇంట్లో మా నాన్న ఒప్పుకోలేదు. "ఆడపిల్లకి లారీల కంపెనీ ఏటే?" అని రెండ్రోజులు అన్నం దగ్గర సాధించారు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. కంపెనీ వాళ్ళు మూడు నెలలు చూసి పర్మనెంట్ చేస్తే సరే. మధ్యలో తీసేస్తే మాత్రం నోరు మూసుకుని తగరపువలస వెళ్ళి, మా అత్త టైలరింగ్ సెంటర్లో కూర్చుని జాకెట్లకి కాజాలు కుట్టుకోవాలి. మా అత్త సంగతి మీకు తెలుసు కదా. ఆవిడ దగ్గర పనిచేసిన ముగ్గురమ్మాయిల్లో ఇద్దరు పెళ్ళి చేసుకుని పారిపోయారు, మూడో అమ్మాయి ఊరికే పారిపోయింది. అందుకని ఈ ఉద్యోగం నిలబెట్టుకోవడం నాకు చావుబతుకుల సమస్య.

మొదటి కొన్ని వారాలు బాగానే గడిచాయి. ఫోన్లెత్తాను, ఉత్తరాలు టైపు కొట్టాను. ఇంతలో పరవాడ పవర్ ప్లాంటుకి వెళ్ళాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పోర్టుకి వచ్చింది. అప్పలరాజు గారు కేలెండర్ చూసి తొడ మీద చరుచుకున్నారు.

"ఆదివారం పాకిస్తాన్‌తో మేచ్! రోడ్డు మీద కుక్క కూడా ఉండదు. పగలే, హాయిగా, జనం టీవీల ముందుండగానే గాజువాక దాటించేద్దాం."

ఏం బుర్ర అనుకున్నాను. ఇంత తెలివైన మనిషి దగ్గర పని నేర్చుకోవడం నా అదృష్టం అని కూడా అనుకున్నాను.

అయితే లోడు కదిలే ముందు ఎవరో ఒకరు దారంతా చూసి రావాలి. దాన్ని రూట్ సర్వే అంటారు. పేరు గొప్ప, పని సింపుల్. లోడు ట్రైలర్ ఎక్కాక ఎంత ఎత్తుంటుందో అంత వెదురుబొంగు ఒకటి కోస్తారు. దాని కొసకి ఎర్ర గుడ్డ కడతారు. ఆ కర్రని దారి పొడుగునా తిప్పుతారు. గుడ్డ ఏ తీగకి తగిలితే ఆ తీగకి మన లోడూ తగులుతుందన్న మాట. అక్కడ లోడు దాటేదాకా కరెంటు ఆపమని ముందే అడిగి పెట్టుకోవాలి. మా ఆఫీసు గోడ మీద ఫోటో కూడా ఉంది, జీపు బంపరు మీద నిటారుగా నిలబెట్టిన కర్ర, పక్కన మీసం తిప్పుతూ అప్పలరాజు గారు.

"జీపు మెకానిక్ దగ్గరుందమ్మా," అన్నారాయన. "నాను ఓడ దగ్గర్నుంచి కదల్లేను. ఎవరి బండైనా సూసుకుని నువ్వే ఎల్లొచ్చీ. కర్ర ఇదిగో, కొత్తది, కొలిచి కోయించేను."

మా ఇంట్లో ఖాళీగా ఉండే బండి ఒకటుంది, ఖాళీగా ఉండే మనిషి ఒకడున్నాడు. బండి నాన్న పాత స్కూటరు, మనిషి మా అన్నయ్య ప్రకాష్. ఆ స్కూటరు గుణం ఏమిటంటే, ఒకసారి ఆగిందా, దాన్ని పక్కకి పడుకోబెట్టి, లేపి, కిక్కు కొట్టి, మళ్ళీ పడుకోబెట్టి, బతిమాలాలి. ప్రతి తీగ దగ్గరా ఆగి దిగితే పరవాడ చేరేసరికి క్రిస్మస్ వచ్చేస్తుంది.

"ఆపొద్దే," అన్నాడు అన్నయ్య. "నువ్వు ఎనకాల కూకుని కర్ర అట్టుకో. నాను పోనిత్తా ఉంటాను."

అలాగే చేశాం. నేను పక్కకి తిరిగి కూర్చుని, కర్ర అడుగుని స్కూటరు వెనకుండే స్టెప్నీ చక్రం మీద ఆనించి, రెండు చేతులతో వాటేసుకున్నాను. ఫోటోలో జీపు మీద ఉంది, మనకి స్కూటరు మీద ఉంది. ఇందులో తేడా ఏముంటుంది చెప్పండి? నాకు కనబడలేదు.

చున్నీ ఎగురుతోంది, పైన ఎర్ర గుడ్డ ఎగురుతోంది. మల్కాపురంలో ఒకాయన టీకొట్టు బల్ల మీంచి లేచి, "ఏ యూనియనమ్మా?" అని అరిచాడు. శ్రీహరిపురం దాటేసరికి మా వెనకాల నాలుగు సైకిళ్ళు, ఒక ఆటో. స్టీల్ ప్లాంటు డ్యూటీకి వెళ్ళే వాళ్ళు బస్సు కిటికీల్లోంచి పిడికిళ్ళు ఎత్తుతున్నారు. ఎవరో "జిందాబాద్" అన్నారు. సైకిళ్ళు కూడా అన్నాయి. నేను చేతులు ఖాళీ లేక తలూపాను. గాజువాక జంక్షన్లో పోలీసాయన ట్రాఫిక్ ఆపి మాకు దారిచ్చాడు. ఆ ఊరేగింపుని వదిలించుకోవడానికి అన్నయ్య ఒక సందులోంచి తిప్పి తీసుకురావాల్సొచ్చింది.

ఇక తీగల సంగతి. మొదటి తీగ తగిలేలా ఉంది. కరెంటు తీగ కదా, నేను కర్ర వంచేసి "తగులుతుంది" అని గుర్తు పెట్టుకున్నాను. రెండోదీ తగిలేలాగే ఉంది. మూడోదీ అంతే. బేనర్లు తగిలాయి, చెట్ల కొమ్మలు తగిలాయి, కేబుల్ టీవీ వైరు నా జడకి కూడా తగిలింది. ఊళ్ళో ఉన్న తీగలన్నీ నా మీద కక్ష కట్టినట్టు ఉన్నాయి.

"ఇదే దారిలో మొన్ననే బాయిలర్ వెళ్ళిందట కదరా?" అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది నాకు.

"ఎండలు కదే," అన్నాడు అన్నయ్య వెనక్కి చూడకుండా. "తీగలు సాగిపోయుంటాయి."

వాడికి ఫిజిక్స్‌లో ముప్పై అయిదు మార్కులు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ నమ్మాను.

అప్పలరాజు గారికి ఫోన్ చేసి "చాలా చోట్ల తగులుతోంది సార్" అన్నాను. అటు ఓడ సైరన్ మోత. "అయితే కరెంటాఫీసుకెళ్ళి అడిగేయమ్మా, నువ్వే సూసుకో!" అన్నారు. చూసుకున్నాను. అక్కడి ఇంజనీరు నేను చెప్పింది విని, "ఇన్ని చోట్ల ఒక్కోటీ తీసి పెట్టడం కన్నా మొత్తం లైనే ఆపేస్తే పోలా?" అన్నాడు. పోతుందండీ, అన్నాను. "ఆదివారం మేచ్ ఉంది, తెలుసా?" అన్నాడు. నాకు క్రికెట్ గురించి తెలిసింది ఒక్కటే, ఆ రోజు రోడ్డు ఖాళీగా ఉంటుందని. అదే చెప్పాను. ఆయన నన్ను ఒక రకంగా చూసి, "మా ఇల్లు సీతమ్మధారలో ఉందిలే, నాకేం" అన్నాడు.

ఆదివారం చర్చి నుంచి నేరుగా పోర్టుకే వెళ్ళిపోయాను. గుమ్మడికాయ కొట్టారు, ట్రైలర్ కదిలింది. మనిషి నడక కంటే నెమ్మది. ముందు, మెకానిక్ దగ్గర్నుంచి తిరిగొచ్చిన జీపులో నేనూ అప్పలరాజు గారూ. నా చేతిలో ఎర్ర జెండా. ట్రాన్స్‌ఫార్మర్ పైన తీగలెత్తడానికి కర్రలు పట్టుకుని ఇద్దరు మనుషులు. ఆయన అన్నట్టే రోడ్డు ఖాళీ. ఇళ్ళలోంచి కామెంటరీ, అప్పుడప్పుడూ "అబ్బా!" అన్న మూకుమ్మడి ఏడుపు. మన వాళ్ళ వికెట్లు టపటపా పడిపోతున్నాయట.

సరిగ్గా మేం మల్కాపురం దాటుతుండగా కరెంటాఫీసు వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు.

ముందు నిశ్శబ్దం. తర్వాత ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకోటి. తర్వాత ఊరు ఊరంతా రోడ్డు మీదకొచ్చింది! లుంగీలు, బనియన్లు, చేతిలో పకోడీ ప్లేట్లు, నిద్రలేచిన పిల్లలు. కుక్క కూడా ఉండదన్న రోడ్డు మీద తిరునాళ్ళు. అప్పలరాజు గారు నా వైపు తిరిగారు.

"ఎన్ని తీగలకి తీయించేవమ్మా?"

"అన్నిటికీ సార్," అన్నాను. గర్వంగానే అన్నాను, దాచడం దేనికి?

జనం జీపుని చుట్టుముట్టారు. ఒక పెద్దావిడ ట్రాన్స్‌ఫార్మర్‌ని చేత్తో తట్టింది.

"ఏటి బాబూ ఇది?"

"ట్రాన్స్‌ఫార్మర్ అమ్మా. పరవాడకి."

"కరెంటిచ్చేదేనా?"

"ఆఁ, అదే."

"మరి కరెంటేదీ?"

దీనికి అప్పలరాజు గారి దగ్గర జవాబుంది. జీపు మీదకెక్కి నిలబడి, "అయ్యా! లోడు ఎత్తుగుంది! తీగలు తగిల్తే పేణాలు పోతాయి! మీ మంచికే తీసేరు!" అని ఉపన్యాసం ఇచ్చారు. జనం మెత్తబడ్డారు. అంత ఎత్తైన లోడు తీగ కింద ఎలా దూరుతుందో చూద్దామని అందరూ తలలెత్తి నిలబడ్డారు.

ట్రైలర్ మెల్లగా తీగ కిందకి వెళ్ళింది. తీగకీ లోడుకీ మధ్య ఇంకో మనిషి బాసింపట్టు వేసుక్కూర్చునేంత ఖాళీ! తీగలెత్తాల్సిన మనుషులిద్దరూ కర్రలు ఒళ్ళో పెట్టుకుని వేరుశెనక్కాయలు వొలుచుకుంటున్నారు.

జనమంతా మాతో పాటు రెండో తీగ దాకా నడిచారు. మళ్ళీ తలలెత్తారు. మళ్ళీ అంతే ఖాళీ. మూడో తీగకి వచ్చేసరికి టీవీలో మేచ్ పోయిన కసి కొద్దీ దీన్నే మేచ్‌లా చూడ్డం మొదలుపెట్టారు. లోడు తీగ దగ్గరకొస్తుంటే "ఆఁ... ఆఁ... ఆఁ..." అనడం, దాటగానే "థూ!" అనడం. నేను జెండా వెనక మొహం దాచుకున్నాను. కళ్ళ ముందు తగరపువలస, మా అత్త, సూది.

అప్పుడు వినబడింది, జనంలోంచి, నేను పుట్టినప్పట్నుంచీ వింటున్న గొంతు.

"ఇంత జాగా ఉంటే కరెంటెందుకు తీసేరండీ? ఈ సర్వే సేసిన ఎదవెవడు? బయటికి రమ్మనండి!"

మా అన్నయ్య! మేచ్ పోయిన బాధకి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. జనం వాడికి దారిచ్చి, "అద్దీ, అడుగు బావా!" అని వీపు తట్టి ముందుకి పంపుతున్నారు. అప్పలరాజు గారు నా చేతిలో జెండా కిందకి దించారు.

"నువ్వేటే?" అన్నాడు అన్నయ్య.

"నేనొక్కదాన్నేనా? బండెవరు నడిపారు?"

జనమంతా వాడి వైపు తిరిగారు. వాడు ప్రాణం కాపాడుకోవాలని చెల్లెల్ని అమ్మేశాడు. "నాను బండే నడిపేనండీ! కర్ర స్టెప్నీ మీద పెట్టింది ఇదీ!"

"స్టెప్నీ మీదా?" అన్నారు అప్పలరాజు గారు.

చాలా నెమ్మదిగా అన్నారు. ఆయన ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడరు.

"ఫోటోలో జీపు మీద ఉంది కదా సార్..."

"జీపు మీద పెట్టే కర్ర, జీపు ఎత్తు తీసేసి పొట్టిగా కోసిందమ్మా! నీకిచ్చింది నేల మీద పెట్టే కర్ర! నువ్వు దాన్ని స్టెప్నీ ఎక్కించి, ఊరంతా తిప్పి, లేని ఎత్తుకి కరెంటు తీయించేవు!"

ఆ సంగతి ముందు వరసకి అర్థమై, వెనక వరసకి చెప్పడం, వాళ్ళు ఇంకా వెనక్కి చెప్పడం నాకు వినబడుతూనే ఉంది. "స్టెప్నీ మీద పెట్టీసిందట!" "దేని మీద?" "స్టెప్నీ!" భూమి చీలితే దూరిపోదును. కానీ ఆ ట్రైలర్ కిందే చీలని భూమి నా కోసం ఏం చీలుతుంది?

"రేపొచ్చి నీ టిఫిన్ బాక్సు అట్టుకెళ్ళిపో అమ్మా," అన్నారు అప్పలరాజు గారు.

నిజం చెప్తున్నాను, ఏడుపొచ్చేసింది. అంతమంది మధ్య, రోడ్డు మీద, చర్చికి కట్టుకెళ్ళిన మంచి చీరలో నిలబడి ఏడ్చాను. అన్నయ్య కూడా కాస్త సిగ్గుపడి, నాకు రుమాలిచ్చాడు. దాంతో వాడు పొద్దున్న స్కూటరు తుడిచాడు.

అప్పుడు పక్కనున్న మంగలి షాపులోంచి ట్రాన్సిస్టర్ చెవికి పెట్టుకున్న ఒకాయన, సగం గీసిన గడ్డంతో, తువ్వాలు మెడలో ఉండగానే బయటికి పరిగెత్తుకొచ్చాడు.

"గెలిసేసేం!"

"ఏటీ?"

"ఓలమ్మో, గెలిసేసేం! కరెంటు పోయిన కాడ్నుంచి ఒక్క వికెట్టూ పడనేదు! ఉతికీసేరు!"

ఇక చూడాలి! అరుపులు, ఈలలు, టపాకాయలు. పకోడీ ప్లేట్లు గాల్లోకి లేచాయి. ఆ గోలలో ఎవరో అన్నారు, ఎవరన్నారో ఈ రోజుకీ తెలీదు: "మనం సూడకపోబట్టే గెలిసేరు."

అంతే. అందరూ ఆగి ఆలోచించారు. మీకు తెలీనిదేముంది, మన వాళ్ళు మేచ్ చూసే పద్ధతి! వికెట్టు పడితే కుర్చీ మారతారు, ఫోరు కొడితే బాత్రూమ్‌కి కూడా లేవరు. మా అన్నయ్య ఒకసారి సెంచరీ పూర్తయ్యేదాకా గుమ్మం మీద ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఒక్క మనిషి చూపుకే అంత ప్రభావం ఉంటే, గాజువాక మొత్తం చూపు ఎంత దిష్టి? ఆ దిష్టి ఎవరు తీశారు?

అందరూ నా వైపు చూశారు. ఇందాక కరెంటేదీ అన్న పెద్దావిడ వచ్చి నా బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. కుర్రాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్‌కి బంతిపూల దండ వేశారు. ఇంకో దండ నా మెడలో. "స్టెప్నీ అక్కకీ!" అని ఒకడు, "జై!" అని వందమంది. అన్నయ్య అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు, "నా సెల్లెలండీ! బండి నాదేనండీ!" అంటూ.

అప్పలరాజు గారు ఒక్కరే జై అనలేదు.

సోమవారం టిఫిన్ బాక్సు కోసం వెళ్ళాను. ఆయన నా కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఫోన్ రిసీవర్ పక్కన పెట్టేసి ఉంది.

"పొద్దుట్నుంచి ఒకటే ఫోన్లమ్మా," అన్నారు నీరసంగా. "వచ్చే మేచ్‌కి మా వీధిలోంచి కూడా లోడు పంపండీ అని. గోపాలపట్నం వాళ్ళు అడుగుతున్నారు. ఎన్ఏడీ జంక్షన్ వాళ్ళు అడుగుతున్నారు. ఆఖరికి మన ఓనరు గారు కూడా చేశారు. ఆయన బామ్మర్దిది గాజువాకే. ఆ అమ్మాయిని తీసేస్తే ఊరుకోను అన్నారు."

"అయితే ఉద్యోగం..."

"ఉంది. ఇకమీద మేచ్ రోజునే లోడు, నువ్వే సర్వే. మీ అన్నయ్యనీ రమ్మను, డ్రైవరుగా రాసుకుంటాం. కర్ర ఎక్కడ పెట్టేవో అక్కడే పెట్టు, ఏటీ మార్చొద్దన్నారు." ఆయన లేచి నిలబడి, తలుపు దాకా వెళ్ళి, ఆగారు. "పర్మనెంట్ మాత్రం ఇప్పుడే కాదు. ముందు ఈ సిరీస్ గెలవాలట. ఓడిపోతే నువ్వు మళ్ళీ మామూలు మనిషివే, టిఫిన్ బాక్సు అట్టుకెళ్ళిపోవడమే."

అదీ నా పరిస్థితి. బీకాం ఫస్ట్ క్లాస్, టైపింగ్ హయ్యర్, కంప్యూటర్ కోర్సు. నా బతుకు మాత్రం ఎక్కడో ఎవరో బ్యాటు సరిగ్గా తిప్పడం మీద ఆధారపడి ఉంది. మా నాన్నకి అంతా చెప్పేశాను. ఆయన జన్మలో క్రికెట్ చూడలేదు, పనీపాటా లేని వాళ్ళ ఆట అంటారు. నిన్న సాయంత్రం ఇంట్లో ప్రార్థనకి అందరం మోకాళ్ళ మీద కూర్చున్నాం. "ప్రభువా, మా అమ్మాయి సువార్త ఉద్యోగం నీ చేతుల్లో ఉంది" అని మొదలుపెట్టి, అక్కడ ఆగిపోయి, ఒక కన్ను తెరిచి నా వైపు వంగి గుసగుసగా అడిగారు.

"ముందు బ్యాటింగుకి దిగుతారే, ఆ ఇద్దరు కుర్రోళ్ళ పేర్లేటే?"